ఆఫీసు ఊరి బయటికి మారుతోంది, బండి కొనాలా? చిన్న నగరాల్లో మీరంతా పనికి ఎలా వెళ్లొస్తున్నారు?

నిద్రమొహం
మా ఆఫీసు ఊరి మధ్య నుంచి రింగు రోడ్డు అవతలికి మారుతోంది. ఇప్పుడు సగం మందిమి నడిచే వస్తాం. కొత్త చోటు ఏడు కిలోమీటర్లు. మేనేజర్‌ని అడిగితే "ఇదేమన్నా మహానగరమా, పదిహేను నిమిషాల్లో వచ్చేస్తారు" అన్నాడు. ఆయన కారులో వస్తాడు, ఆయన లెక్క ఆయనది. బస్సు ముప్పావుగంటకు ఒకటి, సాయంత్రం ఏడున్నర దాటితే అదీ లేదు. పెద్ద నగరాల మెట్రోల గురించి, ఫ్లై ఓవర్ల గురించి బోలెడు రాస్తారు గానీ, రెండు మూడు లక్షల జనాభా ఉన్న చోట పనికెళ్లేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. మీరంతా ఎలా వెళ్లొస్తున్నారు? అప్పు చేసి బండి కొనేయడమేనా?

గేర్లసైకిల్
ఏడు కిలోమీటర్లంటే సైకిల్ మీద పాతిక ముప్పై నిమిషాలు. సమస్య తీరిపోయింది, ఇక థ్రెడ్ మూసేయండి.

పాత కాపు
వచ్చాడండీ. ఈ వేదికలో పంటి నొప్పి గురించి అడిగినా ఈయన సైకిలే చెబుతాడు.

రెండో షిఫ్ట్
పొద్దున ఎలా వెళ్తారన్నది తర్వాత, రాత్రి ఎలా తిరిగొస్తారో ముందు చూసుకోండి. మా ఫ్యాక్టరీలో రెండో షిఫ్ట్ పదిన్నరకి వదులుతారు. ఆఖరి బస్సు ఏడున్నరకే వెళ్లిపోతుంది. మధ్యాహ్నం పనికెళ్లే వేళకి బస్సు ఉంది, సీట్లూ ఖాళీయే. కానీ దాన్లో వెళ్తే రాత్రి పదిన్నరకి గేటు దగ్గర బండి ఉండదు కదా. అందుకని అందరం రెండు వైపులా బండి మీదే. రాత్రి ట్రిప్పు ఒకటి తీసేసి పగటి టికెట్లు కూడా పోగొట్టుకున్నారు. ఆ తర్వాత "జనం ఎక్కడం లేదు" అని పగటి ట్రిప్పులూ తగ్గించారు.

లెక్కలపిచ్చి
రెండో షిఫ్ట్ గారు అసలు ముడి పట్టుకున్నారు. రానూ పోనూ రెండూ కుదిరితేనే మనిషి బస్సెక్కుతాడు.

దీనికి తోడు ఎదురుచూపు ఒకటుంది. స్టాపులో నిలబడ్డ నిమిషం మనకి బస్సులో కూర్చున్న నిమిషం కంటే దాదాపు రెట్టింపుగా అనిపిస్తుందని రవాణా లెక్కలు వేసేవాళ్లు చాలాకాలంగా తీసుకుంటున్నారు. హెర్బర్ట్ మోరింగ్ అనే ఆర్థికవేత్త 1972లో దీని మీద మంచి పేపర్ రాశాడు. జనం పెరిగితే ట్రిప్పులు పెంచుతారు, ట్రిప్పులు పెరిగితే పాత ప్రయాణికులకి కూడా ఎదురుచూపు తగ్గుతుంది, అది చూసి ఇంకొంతమంది వస్తారు. చిన్న నగరాల్లో ఈ చక్రం వెనక్కి తిరుగుతోంది. ముప్పావుగంటకో బస్సు ఉన్న చోట టైమ్ టేబుల్ జేబులో పెట్టుకుని బతకాలి. పది నిమిషాలకో బస్సు ఉంటే టైమ్ టేబుల్ ఎవరు చూస్తారు?

నాలుగు చక్రాలు
ఇంత సిద్ధాంతం ఎందుకండీ. రింగు రోడ్డుకి వెళ్లే దారి వెడల్పు చేస్తే ఎవరి బండి మీద వాళ్లు పది నిమిషాల్లో వెళ్తారు. చిన్న ఊళ్లో ఉన్న సుఖమే అది. కారున్న ప్రతివాణ్నీ దోషిలా చూడటం మానండి. నేను మా నాన్నగారిని డయాలసిస్‌కి దింపి ఆఫీసుకి వెళ్తాను. బస్సులో అవుతుందా ఆ పని?

అమ్మ ప్లస్ ఆఫీస్
అవదు. మీకు కారే సరి, ఎవరూ కాదనరు. మీలాంటివాళ్లకి దారి ఖాళీగా ఉండాలంటేనే మిగతావాళ్లకి బస్సు కావాలి.

లెక్కలపిచ్చి
@నాలుగు చక్రాలు, వెడల్పు సంగతి. ఆంథనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962లోనే రాశాడు, నగరాల్లో రద్దీ వేళ వాడే ఎక్స్‌ప్రెస్ రోడ్లు ఎంత పెంచినా ట్రాఫిక్ ఆ మేరకు పెరిగి మళ్లీ నిండుతుందని. వేరే టైమ్‌లో వెళ్లేవాళ్లు, వేరే దారిన వెళ్లేవాళ్లు, బస్సులో వెళ్లేవాళ్లు అందరూ కొత్త రోడ్డు మీదికి వచ్చేస్తారు. ఇక చిన్న నగరంలో జామ్ అనేదే పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. మిగతా రోజంతా ఆ రోడ్డు మీద కుక్కలు పడుకుంటాయి. ఆ గంట కోసం ఇళ్లూ చెట్లూ కొట్టేస్తామా?

నాలుగు చక్రాలు
కుక్కల సంగతేమో గానీ, ఆ అరగంట మీరు ఇరుక్కుంటే తెలుస్తుంది.

స్టీరింగ్ వెనక
బస్సు నడిపేవాణ్ని. ఈ అరగంట గురించే చెప్పాలి.

ఫ్యాక్టరీలు, ఆఫీసులు, కాలేజీ అన్నీ తొమ్మిదికే మొదలు. అందరికీ ఎనిమిదీ నలభై అయిదుకి గేటు దగ్గర దిగాలి. అంటే నా బస్సు ఆ వైపు పనికొచ్చే ట్రిప్పు ఒక్కటే వేయగలదు. వెళ్లేటప్పుడు ఫుట్‌బోర్డు దాకా జనం, వచ్చేటప్పుడు నేనూ కండక్టరూ. ఎనిమిదిన్నరకి ఒక గేటు, తొమ్మిదింబావుకి ఒక గేటు తెరిస్తే అదే బస్సు, అదే డ్రైవరు, రెండు నిండు ట్రిప్పులు. కొత్త బస్సు కొనక్కర్లేదు. కానీ యాజమాన్యాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవు. పది నుంచి మూడింటి దాకా ఖాళీ బస్సు తిప్పుతాం, మళ్లీ సాయంత్రం యుద్ధం. మధ్యలో గ్యాప్ ఇచ్చి పొద్దున నాలుగ్గంటలు, సాయంత్రం నాలుగ్గంటలు డ్యూటీ వేస్తే మా బతుకేం కావాలి, ఇంటికెళ్లి పడుకోవడానికీ చాలదు. డ్రైవర్లు దొరకడం లేదని పేపర్లో రాస్తారు, ఎందుకు దొరకరో రాయరు.

నిద్రమొహం
ఈ కోణం నాకు తట్టనే లేదు. మా పక్క బిల్డింగ్ వాళ్లదీ తొమ్మిదే.

పాత కాపు
మీ మేనేజర్‌కి చెప్పి చూడండి. "టైమ్ మార్చాలంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలి" అంటాడు. ఆఫీసు మొత్తాన్ని ఏడు కిలోమీటర్లు జరపడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు.

బండి రాజు
అందరూ చెప్పడానికి మొహమాటపడుతున్నారు గానీ చిన్న ఊళ్లో టూ వీలర్‌ని కొట్టేది లేదు. ఇంటి ముందు నుంచి గేటు దాకా. మధ్యలో కూరగాయలు కూడా కొనుక్కోవచ్చు. సందుల్లోంచి దూరొచ్చు.

రెండో షిఫ్ట్
దూరొచ్చు, నిజమే. పదిన్నరకి నిద్రమత్తులో హైవే దాటుతూ లారీ కిందికి కూడా దూరొచ్చు. మా లైన్‌లో ఒకతను ఏడాదిగా మంచం మీదున్నాడు. కొనేవాళ్లు కొనండి, కానీ హెల్మెట్‌ని అద్దానికి తగిలించి తిరగకండి.

లెక్కలపిచ్చి
మోటార్ సైకిల్ హెల్మెట్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2008 కాక్రేన్ సమీక్షలో తేలింది ఇది: ప్రమాదం జరిగినప్పుడు మరణం 42 శాతం, తలకి గాయం 69 శాతం తగ్గాయి. అద్దానికి తగిలిస్తే అద్దానికే రక్షణ.

అమ్మ ప్లస్ ఆఫీస్
ఇప్పటిదాకా మాట్లాడిందంతా ఇంటి నుంచి గేటుకి, గేటు నుంచి ఇంటికి. నా రూటు చెప్తాను. ఇల్లు, పిల్లాడి స్కూలు, ఆఫీసు. సాయంత్రం ఆఫీసు, ట్యూషన్, మందుల షాపు, ఇల్లు. బస్సు లైన్లన్నీ ఊరి మధ్యకి వెళ్లి ఆగుతాయి. పక్క వీధికి వెళ్లాలన్నా సెంటర్‌కి వెళ్లి వేరే బస్సు పట్టుకోవాలి. రెండో బస్సు నా మొదటి బస్సు వచ్చే రెండు నిమిషాల ముందు బయల్దేరుతుంది, ఎప్పుడూ. అది వెళ్లిపోవడం నేను కిటికీలోంచి చూస్తూ ఉంటాను.

2004లో కానమన్ అనే మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్లు టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగినులని నిన్నటి రోజంతా గంటలవారీగా ఎలా గడిచిందో అడిగారు. అన్ని పనుల్లోకీ ఉదయం ఆఫీసు ప్రయాణమే అధ్వాన్నం అన్నారు వాళ్లు. ఇంటిపని కన్నా కిందన! చదివి నాకేమీ ఆశ్చర్యం వేయలేదు.

స్టీరింగ్ వెనక
@అమ్మ ప్లస్ ఆఫీస్, ఆ రెండు నిమిషాల బాధకి మందు ఉందమ్మా. అన్ని రూట్ల బస్సులూ గంటకి ఒకసారో రెండుసార్లో ఒకే నిమిషానికి సెంటర్‌లోకి రావాలి. అయిదు నిమిషాలు ఆగాలి. మనుషులు ఇటు అటు మారాలి. అన్నీ ఒకేసారి బయల్దేరాలి. బస్సులు తక్కువున్న చిన్న ఊరికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. స్విట్జర్లాండ్ రైళ్లకి 1982 నుంచి దేశమంతా ఇలా గడియారం ప్రకారం పెట్టారు, బస్సులు కూడా వాటికే కలుస్తాయి. మాకు చెప్పి చూశాం. "అన్ని బస్సులూ ఒకేసారి వస్తే నిలపడానికి చోటు లేదు" అన్నారు. బస్‌స్టాండ్‌లో చోటంతా కార్ల పార్కింగ్‌కి ఇచ్చాక ఎక్కడుంటుంది.

నాలుగు చక్రాలు
మళ్లీ కార్ల మీదికే వచ్చారు.

గేర్లసైకిల్
రానివ్వండి. నన్ను ఎగతాళి చేశారు గానీ, నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అని మన చర్చకి సరిపోయే సైజు ఊరు, ఇప్పుడు రెండు లక్షల పైచిలుకు. 1977లో సెంటర్‌ని నాలుగు ముక్కలు చేశారు. ఒక ముక్క నుంచి పక్క ముక్కకి కారులో నేరుగా వెళ్లలేరు, బయటి రింగు రోడ్డుకి వెళ్లి చుట్టి రావాలి. సైకిల్‌కీ నడకకీ మాత్రం దారులు తెరిచే ఉంచారు. దుకాణాలవాళ్లు గోల పెట్టారు, వ్యాపారం పోతుందని. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. అమెరికాలో డేవిస్ కూడా చిన్న యూనివర్సిటీ ఊరే, 1967లో రోడ్డు మీద సైకిల్ లైన్లు గీశారు, ఆ దేశంలో అవే మొదటివి. రెండూ చదునైన ఊళ్లు, అది ఒప్పుకుంటాను.

బండి రాజు
అక్కడ లారీలు లేవా అన్నా?

గేర్లసైకిల్
ఉన్నాయి. లారీకీ సైకిల్‌కీ మధ్య అంచు రాయి ఉంది. తెల్ల గీత కాదు, రాయి.

నడక మేలు
సైకిల్ దాకా ఎందుకు, అందరూ ఏదో ఒక చివర నడిచేవాళ్లే. బస్సు దిగాక ఆఖరి అర కిలోమీటరు చూడండి. స్టాపు హైవేకి ఒక వైపు, గేటు ఇంకో వైపు. ఫుట్‌పాత్ లేదు, లైటు లేదు. కొత్త ఇండస్ట్రియల్ ఏరియాలన్నీ ఇలాగే కడతారు, లోపలికి లారీ ఎలా తిరుగుతుందో గీస్తారు, మనిషి ఎలా నడుస్తాడో గీయరు. స్పెయిన్‌లో పోంటెవెద్ర అనే 80 వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు 1999 నుంచి సెంటర్‌లో కార్లు తగ్గించుకుంటూ వచ్చింది. మెట్రో మ్యాప్ లాంటిది ఒకటి వేశారు అక్కడ, కానీ మెట్రో లేదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిస్తే ఎన్ని నిమిషాలో గీతల మీద రాసి ఉంటుంది. చూస్తే తెలుస్తుంది, ఊరు మనం అనుకున్నంత పెద్దది కాదని.

లెక్కలపిచ్చి
దీనికి కొనసాగింపు. ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాసిన ప్రకారం మనుషులు ఏ కాలంలోనైనా రోజుకి సుమారు గంట సేపే ప్రయాణానికి పెడతారు. అంతకు ముందు 70ల్లో యాకోవ్ జహావీ అనే రవాణా పరిశోధకుడు ఇలాంటి లెక్కే చూపాడు. నడక తప్ప దిక్కులేని రోజుల్లో ఊళ్లు అయిదు కిలోమీటర్ల అడ్డం దాటలేదు, ఎందుకంటే మధ్యకి వెళ్లి రావడానికి గంట. చిన్న నగరాల పాత భాగం ఇప్పటికీ ఆ సైజే. నిద్రమొహం గారి ఆఫీసు ఆ వలయంలోంచి బయటికి దూకింది. దారి ఖర్చు ఉద్యోగులది, స్థలం లాభం కంపెనీది.

పాత కాపు
ఈ గంట సిద్ధాంతం మా బాస్‌కి చూపించకండి. "ఇంకా పావుగంట మిగిలింది కదా, పని చేయండి" అంటాడు.

బండి రాజు
బస్సులు ఫ్రీ చేసేస్తే పోలా?

లెక్కలపిచ్చి
చేసి చూశారు. బెల్జియంలో హాసెల్ట్, సుమారు 70 వేల జనాభా. 1997లో బస్సులు ఉచితం చేశారు, దాంతోపాటు ట్రిప్పులూ బాగా పెంచారు. ప్రయాణికులు పది రెట్లు దాటారు. ఖర్చు మోయలేక 2013లో మళ్లీ టికెట్ పెట్టారు. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో అదే 2013లో స్థానికులకి ఉచితం చేశారు, అక్కడ కార్లలోంచి దిగినవాళ్ల కంటే నడక మానేసి బస్సెక్కినవాళ్లు ఎక్కువ. ఫ్రాన్స్‌లో డంకర్క్ 2018లో ఉచితం చేసింది, అది నిలబడింది. తేడా చూడండి, డంకర్క్‌లో ప్రధాన లైన్ల మీద పది నిమిషాలకో బస్సు ఇచ్చారు. డబ్బు ఎక్కువగా యజమానుల దగ్గర్నుంచి వస్తోంది. ఆ దేశంలో 1971లో పారిస్ ప్రాంతంతో మొదలుపెట్టి, జీతాల మొత్తం మీద కంపెనీల నుంచి రవాణా పన్ను తీసుకుంటున్నారు.

రెండో షిఫ్ట్
నాకు ఫ్రీ వద్దు. పదీ నలభైకి ఒక బస్సు కావాలి. టికెట్ కొనుక్కుంటా.

అమ్మ ప్లస్ ఆఫీస్
^ ఇది పోస్టర్ వేయించి అంటించాలి.

హెచ్చార్ మనిషి
తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నాను. కంపెనీ వైపు నుంచి కొన్ని నిజాలు.

కంపెనీ బస్సు పెట్టాం ఒకప్పుడు. పొద్దున నిండుగా వచ్చేది. సాయంత్రం ఆరింటికి బస్సు సిద్ధం, సగం మంది మీటింగుల్లో. వాళ్ల కోసం ఆపితే కూర్చున్నవాళ్లకి కోపం, వదిలేస్తే మీటింగ్‌లో ఉన్నవాళ్లకి కోపం. మెల్లగా అందరూ సొంత బండ్లకి మారారు. ఇప్పుడు పార్కింగ్ చాలదని ఇంకో ఎకరం చూస్తున్నారు. ఉద్యోగికి పార్కింగ్ ఉచితంగా కనబడుతుంది, కంపెనీకి ఉచితం కాదు. కాలిఫోర్నియాలో 1992లో ఒక చట్టం చేశారు. అద్దెకి తీసుకున్న చోట్లో ఉద్యోగికి ఉచిత పార్కింగ్ ఇస్తుంటే, అది వద్దన్నవాడికి అంత డబ్బు చేతికివ్వాలి. డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ ఎనిమిది కంపెనీల్లో చూస్తే ఒంటరిగా కారులో వచ్చేవాళ్లు 17 శాతం తగ్గారు. ఎవరినీ ఏమీ నిషేధించలేదు.

ఇంకోటి, రెండో షిఫ్ట్ గారి బాధకి దగ్గరిది. కొన్ని దేశాల్లో కంపెనీలు "తిరుగు ప్రయాణం మా పూచీ" అని రాసిస్తాయి. బస్సులోనో, పక్కవాడి కారులోనో వచ్చినవాడికి ఉన్నట్టుండి ఓవర్‌టైమ్ పడినా, ఇంట్లో పిల్లకి జ్వరమొచ్చినా ట్యాక్సీ ఖర్చు కంపెనీదే. నిజంగా వాడుకునేవాళ్లు తక్కువే ఉంటారు, కానీ ఆ హామీ ఉందన్న ధైర్యంతో బండి ఇంట్లో పెట్టి వస్తారు.

నాలుగు చక్రాలు
ఇది బాగుంది. దీనికి నాకేం అభ్యంతరం లేదు.

పాత కాపు
నాలుగు చక్రాలు గారు ఒప్పుకున్నారు. తేదీ రాసుకోండి.

బండి రాజు
కారు షేరింగ్ మా ఆఫీసులో ఏడ్చింది. నడిపేవాడు పాటలు పెడతాడు, వెనక ఒకాయన ఫోన్‌లో స్పీకర్ పెట్టి మాట్లాడతాడు, ముందు సీటు కోసం ఇద్దరు కొట్టుకుంటారు.

లెక్కలపిచ్చి
రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు పెట్రోలు, టైర్లు ఆదా చేయడానికి కార్లు పంచుకోమని ప్రచారం చేశారు. 1943 నాటి పోస్టర్ ఒకటుంది, ఒంటరిగా కారు నడుపుతున్న పెద్దమనిషి పక్క సీట్లో హిట్లర్ కూర్చుని ఉంటాడు.

బండి రాజు
మా స్పీకర్ ఫోన్ ఆయన కంటే అతనే నయమేమో, మాట్లాడడుగా.

రెండో షిఫ్ట్
షేరింగ్ వ్యాన్ల గురించి ఎవరూ రాయలేదే. మా రూట్లో బస్సు లేని వేళ అవే దిక్కు. నిండితే గానీ కదలవు, అదే గొడవ.

స్టీరింగ్ వెనక
ఎలా కదులుతాడు. వ్యాను అతనిది కాదు, యజమానికి రోజు కిరాయి కట్టాలి. ఆ పైన మిగిలిందే అతనికి. ఖాళీ సీటు అంటే అతని జేబుకి చిల్లు. కెన్యా మటాటూలకీ ఇదే లెక్క, ఫిలిప్పీన్స్ జీప్నీలదీ ఇదే లెక్క. రోజు కిరాయి పోయి నెల జీతమొస్తే వాడూ టైమ్‌కే బయల్దేరతాడు.

నిద్రమొహం
చదివినవన్నీ పట్టుకుని ఆఫీసులో ఒక కాగితం తిప్పాను. ఎక్కడ ఎక్కుతారు, ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వదులుతారు, మధ్యలో ఎక్కడైనా ఆగాలా. పక్క బిల్డింగ్ వాళ్లు కూడా అడిగి మరీ పేర్లు రాశారు. ఎక్కువమంది రెండే వైపుల నుంచి వస్తున్నారు. రాత్రి ఎనిమిది దాకా ఉండిపోయేవాళ్లు తక్కువే గానీ వాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లు, బస్సు లేదన్న భయంతో కొందరు ఉద్యోగం మానేద్దామా అనుకుంటున్నారట. ఈ ముక్క విన్నాక మేనేజర్ కాస్త మెత్తబడ్డాడు. పొద్దున టైమ్ మార్చడం కుదరదన్నాడు, రాత్రి ఎనిమిది తర్వాత వెళ్లేవాళ్లకి ట్యాక్సీ సంగతి మాత్రం హెడ్డాఫీసుకి రాస్తానన్నాడు. నేను ఇంకా బండి కొనలేదు. ఇప్పుడు బస్సువాళ్లకి అర్జీ పెట్టాలి. సంతకాలు ఎన్ని కావాలి?

హెచ్చార్ మనిషి
ఆ ట్యాక్సీ మాట రాతపూర్వకంగా తీసుకోండి, ఏ గంట తర్వాత, ఎవరు ఆమోదించాలి అన్నది కూడా. ఆమోదం మేనేజర్ చేతిలో పెడితే రోజూ బతిమాలుకోవాలి. సెక్యూరిటీ డెస్క్ దగ్గర పుస్తకంలో రాసి వెళ్లేలా ఉండాలి.

స్టీరింగ్ వెనక
సంతకాలు ఎవరూ చూడరు. ఏ స్టాపు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి, ఎంతమంది, వారంలో ఏ రోజులు, ఇది ఒక పేజీలో పట్టికగా ఇవ్వండి. "బస్సులు పెంచండి" అని రాయొద్దు. ఇప్పుడు ఏడున్నరకి వెళ్లే ఆఖరి బస్సుని ఎనిమిదింపావుకి జరపగలరా అని అడగండి, దానికి కొత్త బండి అక్కర్లేదు కాబట్టి వింటారు. స్టాపు గేటు వైపుకి మార్చమని వేరే కాగితం, అది రోడ్లవాళ్లకి. మా డ్యూటీ చార్టులు మార్చే ముందే అందేలా చూసుకోండి. ఒకసారి చార్టు అతికించాక ఎవడు చెప్పినా కదపరు.

రెండో షిఫ్ట్
ఎనిమిదింపావు అడుగుతున్నప్పుడు మా పదీ నలభై కూడా అదే పేజీలో రాయండి సార్. మా ఫ్యాక్టరీ మీ దారిలోనే. పేర్లు నేను పంపిస్తా.